బుడుగు జన్మవృత్తాంతము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలలో గ్రంథాలయోద్యమ చరిత్రమును గూర్చియో, కవిత్రయమును గూర్చియో ప్రసంగించుట వాడుక. కార్యవర్గమువారు నాకు ఒసగిన విషయము వేఱు. పిల్లలకును పెద్దలకును ప్రీతిపాత్రుడైన ఒక బొమ్మల బాలుడు ఎట్లు పుట్టెనో చెప్పుమని వారి ఆజ్ఞ. ఆ బాలుడు బుడుగు. మాటలు ముళ్ళపూడి వెంకటరమణగారివి, గీతలు బాపుగారివి.

ఈ విషయమును వారు ఊరక ఎన్నుకొనలేదు. చందాదారుల పైకముతో బొమ్మల పుస్తకములు కొనదగునా, భారత భాగవతములుండు బీరువాలో అల్లరి పిల్లవాని కబుర్లకు చోటీయదగునా అని ఏ గ్రామ గ్రంథాలయమునందైనను ఎప్పుడో ఒకప్పుడు చర్చ వచ్చును. అణా పైసలు కూడబెట్టి నడుపుకొను సంస్థకు అది చిన్న ప్రశ్న కాదు. ఒక పుస్తకము కొన్నచో మఱియొకటి మానుకొనవలసి యుండును. కావున బుడుగు పుట్టుక చెప్పి, ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును మీ ముందుంచెదను. నిర్ణయము మీది.

ముందుగా ఒక మాట. బొమ్మలతో కథ చెప్పుట పరదేశపు విద్య యని కొందఱి భావము. మన మెట్టసీమవారు అట్లు తలంపవలసిన పనిలేదు. మనకు దాపుననే జగ్గయ్యపేట బౌద్ధస్తూపము కలదు. దాని శిల్పఫలకములు రెండు వేల యేండ్ల నాటివి. కృష్ణకు ఆవలి గట్టున అమరావతి కలదు. అచ్చటి ఫలకములలో ఒకటి, నేడు చెన్నపట్టణపు వస్తుప్రదర్శనశాలలో నున్నది, నాలగిరి యను మదపుటేనుగు కథను జూపును. ఒకే గుండ్రని ఫలకమున ఆ యేనుగు రెండు మారులు కనబడును. ఒక ప్రక్క వీథిలో జనులను త్రొక్కుచు వచ్చుచుండును. మఱియొక ప్రక్క బుద్ధభగవానుని పాదములకడ మోకరిల్లి యుండును. జనులు మేడలపైనుండి తొంగిచూచుచుందురు. అక్షరము రానివానికిని కథ తెలియును. నేటి బొమ్మల కథలవారు గడులు గీసి చేయు పనిని నాటి శిల్పి గడులు లేకుండనే చేసెను.

శిల్పము రాజులదియు శ్రేష్ఠులదియు అందురా? తోలుబొమ్మలాట పామరులది. రామాయణ కథ జరుగుచుండగా మన పెద్దలు నిద్దుర తూగకుండ కాపాడినవారెవరు? కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. రాముడు తెరపైకి వచ్చినప్పుడు చేతులు జోడించిన జనమే కేతిగాడు వచ్చినప్పుడు కడుపుబ్బ నవ్వెడివారు. ఒకే తెరపై దేవుడును హాస్యగాడును ఇమిడిరి. రామునకు అందువలన లోటు రాలేదు. భారతముండు బీరువాలో బుడుగుండవచ్చునా యను ప్రశ్నకు మన తాతలు ఆనాడే ఒక విధముగా బదులు చెప్పియున్నారు.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట హాస్యచిత్రము పత్రికలలో చేరెను. తెలుగున ఈ విద్యకు ఆద్యులుగా తలిశెట్టి రామారావుగారిని చెప్పుకొందుము. వారి జన్మదినమైన మే 20వ తేదీని తెలుగు వ్యంగ్యచిత్రకారుల దినముగా జరుపుకొనుచున్నారు. వారి చిత్రములను ప్రకటించిన పత్రికలను స్థాపించినవారు మన కృష్ణాజిల్లా యెలకుఱ్ఱున జన్మించిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆరంభించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా చేసి, 1924లో భారతి మాసపత్రికను వెలయించిరి. గ్రంథాలయోద్యమమునకు వారు చేసిన సాయము లోకవిదితము. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల తొలి మహాసభను సమకూర్చిన కాలమది. పల్లెలకు పుస్తకములు చేర్చవలెనను తలంపును, పత్రికలో నవ్వించు బొమ్మ వేయవలెనను తలంపును ఒకే తరమునందు పెరిగినవి. బుడుగు పెరిగిన యిల్లు కూడ ఆ ఆంధ్రపత్రిక సచిత్ర వారపత్రికయే.

ఇక విదేశములకు ఒకమారు పోయి వత్తము. బొమ్మల వీరులకు పుట్టుక కథ యొకటి యుండుట అమెరికాలో ఆనవాయితీ. 1938లో సూపర్‌మాన్ అను వీరుడు బయలుదేరెను. వేఱు గ్రహమున పుట్టి శిశువుగా భూమికి వచ్చినవాడని వాని కథ. వానిని కల్పించినవారు క్లీవ్‌లండ్ నగరపు యువకులిద్దఱు, జెర్రీ సీగెల్, జో షుస్టర్. వారు ఆ వీరునిపై సర్వహక్కులను 130 డాలర్లకు అమ్ముకొనిరి. వీరుడు కోట్లు గడించెను. కన్నవారు ముదిమిలో ఇక్కట్లు పడి, పత్రికలవారును తోడి చిత్రకారులును గొంతెత్తిన పిమ్మట, 1975లో ఏటేట కొంత భృతిని, తమ పేరు అచ్చువేయు గౌరవమును పొందిరి. బొమ్మకు పుట్టుక కథ వ్రాసినవారి బ్రదుకు కథ వేఱుగా నుండునని దీనివలన తెలియుచున్నది.

మనకు కావలసిన కథ అటు పిమ్మటిది. హాంక్ కెచమ్ అను చిత్రకారునకు నాలుగేండ్ల కుమారుడుండెను. పేరు డెనిస్. 1950లో ఒకనాడు ఆ పిల్లవాడు తన గదినంతయు చెల్లాచెదరు చేసెను. తల్లి ఆలిస్ విసిగి, నీ కొడుకు పీడగా దాపురించినాడని భర్తతో మొరపెట్టుకొనెను. తండ్రి ఆ మాటనే పట్టుకొని పిల్లవాని పేరుతోనే హాస్యచిత్రము గీసెను. 1951 మార్చి 12వ తేదీన అది పదునాఱు పత్రికలలో వెలువడెను. చిత్రములోని తల్లిదండ్రులకును హెన్రీ, ఆలిస్ అని తమ పేర్లే పెట్టెను. వింత యేమనగా, అదే దినమున ఇంగ్లండులో విక్రయమునకు వచ్చిన ఒక పిల్లల పత్రికలో అదే పేరుగల మఱియొక అల్లరి బాలుడు బయలుదేరెను. ఒకరిని జూచి ఒకరు గీసినది కాదు. అల్లరి పిల్లవాడు ఏ యొక్క దేశపు సొత్తును కాడని దీని యర్థము.

కెచమ్ బొమ్మలు లోకమంతట ప్రాకినవి. మన బుడుగునకు ఆ డెనిస్ ప్రేరణ కలదని సాహిత్యప్రియులు చెప్పుకొనుట అందఱెరిగినదే. అందులో దాచవలసినది లేదు. విత్తనము ఎక్కడిదైనను పైరు నేలను బట్టి యుండును. మిరపకాయ సముద్రము దాటి వచ్చినది. అయినను గుంటూరు మిరపను పరదేశపు సరకనువారెవరు? కావున విచారింపదగినది ఆ విత్తు ఏ నేలలో పడెననునదియే.

ఆ నేల యిద్దఱు మిత్రులు. ముళ్ళపూడి వెంకటరమణగారు 1931 జూన్ 28న ధవళేశ్వరమున జన్మించిరి. చిన్ననాటనే తండ్రి గతించెను. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని చెన్నపట్టణము చేరి, విస్తళ్లు కుట్టి, నానా కష్టములుపడి పెంచెను. బాపుగారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న నరసాపురమున జన్మించిరి. న్యాయశాస్త్రము చదివియు కుంచెనే నమ్ముకొనిరి. ఈ యిరువురకు చెన్నపట్టణమున చిన్ననాడే చెలిమి కుదిరినది. రేడియో అన్నయ్యగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావుగారు నడిపిన 'బాల' పత్రికలో 1945లో రమణగారి తొలి కథ అచ్చుపడెను. దాని పేరు 'అమ్మ మాట వినకపోతే'. పదునాలుగేండ్ల పిల్లవాడు ఆ పేరుతో కథ వ్రాసెను. పెద్దవాడైన పిమ్మట అమ్మ మాట విననివానినే తెలుగువారికి కానుకగా నిచ్చెను.

ఆంధ్రపత్రికలో ఉపసంపాదకులుగా పనిచేయుచు, 1956-57 ప్రాంతమున వారపత్రికలో రమణగారు బుడుగును వ్రాసిరి. బాపుగారు బొమ్మలు వేసిరి. బుడుగు ఇంటిలో అమ్మ రాధ, నాన్న గోపాలం, బామ్మ, బాబాయి. పొరుగున లావుపాటి పక్కింటి పిన్నిగారు. బాబాయి మనసులో రెండుజెళ్ల సీత. బుడుగునకు తోడు సీగానపెసూనాంబ యను చిన్నపిల్ల. వీరే ఆ లోకమునకు జనాభా. రాక్షసులు లేరు, మాయలు లేవు, వేఱు గ్రహముల ప్రసక్తి లేదు. తెలుగువారి నడిమితరగతి యిల్లు, ఆ యింటి అరుగు, ప్రక్కింటి గోడ. అంతే.

ఇందులో మనది యేదియో, తెచ్చుకొన్నది యేదియో నిదానించి చూతము. అల్లరి పిల్లవాడు, విసిగిన తల్లిదండ్రులు, ఓర్పు నశించిన పొరుగువారు, ఇవి డెనిస్ చిత్రములలోను కలవు. అయితే డెనిస్‌ను మనము పెద్దల కన్నులతో చూతుము. అది ఒక గడి బొమ్మ, క్రింద ఒక్క వాక్యము. పిల్లవాడు ఏమి చేసెనో చూచి నవ్వుదుము. బుడుగునందు చెప్పువాడే బుడుగు. కథయంతయు వాని నోటనే నడచును. అందుచే చూచువాడు పిల్లవాడును, చూడబడువారు పెద్దలును అయినారు. పెద్దలు ఒకటి చెప్పి మఱియొకటి చేయుటను, అప్పులవానికి ఇంట లేనని చెప్పించుటవంటి పనులను, పిల్లవాడు నిజమేననుకొని యథాతథముగా చెప్పుచుండగా, తప్పు ఎవరిదో మనకే తెలియవచ్చును. నవ్వు బుడుగుమీదికి పోక మనమీదికే తిరిగివచ్చును. ఇది ఎరువు తెచ్చుకొన్నది కాదు.

రెండవది కుటుంబము. అమెరికా బాలుని ఇంట తల్లి, తండ్రి, కుక్క. మన బాలుని ఇంట బామ్మయు, బాబాయియు కూడ కలరు. నాన్న కోపించినచో బామ్మ యొడి కలదు. ఉమ్మడి సంసారపు పిల్లవానికి తప్పించుకొను దారులెక్కువ, కబుర్లు మోయు పనులును ఎక్కువ. చిన్ననాట తండ్రిని పోగొట్టుకొన్న రచయిత, బుడుగునకు నాన్నను, బాబాయిని, బామ్మను, ఊరినిండ చుట్టములను సమకూర్చి ఇచ్చెను. దీనిని గూర్చి ఆయన మనస్సులో నేముండెనో చెప్పుటకు నేనెవరను? చదువునప్పుడు నాకు మాత్రము ఆ నిండు ఇంటిని జూచి కన్ను చెమర్చును.

మూడవది భాష. ఇచ్చటనే పెద్దలకు అసలైన అభ్యంతరము. బుడుగు పలుకు తప్పుల తడక. ఒత్తులుండవు, సంయుక్తాక్షరములు నలిగిపోవును. పిల్లలు ఇది చదివి వ్రాత చెడగొట్టుకొందురని ఉపాధ్యాయుల భయము. ఆ భయమును నేను తేలికగా త్రోసివేయను. బడిలో చెప్పు చదువు ఊరకే రాదు. దానిని చెడగొట్టువానిని దూరముంచుట న్యాయమే.

కాని సీగానపెసూనాంబ పేరునే చూడుడు. అది శ్రీజ్ఞానప్రసూనాంబ. శ్రీకాళహస్తిలో వెలసిన అమ్మవారి పేరు. చిన్ననోటికి తిరుగక అట్లయినది. ఆ మాటకు నవ్వవలెనన్నచో చదువరికి సరియైన పేరు తెలిసియుండవలెను. తెలియనివానికి అందు హాస్యమే లేదు. కావున బుడుగు భాష ఒప్పు తెలిసినవానికే రుచించు తప్పు. అది చదివి నవ్విన పిల్లవాడు శుద్ధరూపమును లోలోపల ఒకమారు వల్లించుకొనియే నవ్వును. ఒక ఉపాధ్యాయుడు తెలివిగలవాడైనచో, బుడుగు పుటయొకటి ఇచ్చి, ఇందలి మాటలకు సరియైన రూపములు వ్రాయుమని పిల్లల నడుగును. అంతకు మించిన అక్షరదోష పాఠము వేఱొకటి కలదా?

వాడుకభాషకు పట్టము గట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో పరమపదించిరి. వారు కోరినది పెద్దల శిష్టవ్యవహారము గ్రంథములలోనికి రావలెనని. రమణగారు మఱియొక మెట్టు దిగి, పసివాని వ్యవహారమునకును అచ్చులో గౌరవము సంపాదించిరి. నేను గ్రాంథికపు ఛాయలో మాటాడుచు బుడుగు పలుకును సమర్థించుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. పుట్టించినచో బుడుగు గెలిచినట్లే.

బాపుగారి గీతను గూర్చి రెండు మాటలు. ఆ బొమ్మలో అనవసరమైన గీత యుండదు. నాలుగు వంపులతో పిల్లవాని పొగరును, ఇంకొక రెండింటితో పిన్నిగారి కినుకను పట్టి యిచ్చును. నీడలు, అలంకారములు లేవు. పలకమీద బలపముతో తానును గీయగలనని ప్రతి పిల్లవానికిని తోచును. గీయబోయినచో ఎంత కష్టమో తెలియును. ఆ ప్రయత్నములో చేయి తిరిగి చిత్రకారులైనవారు మన దేశమున ఎందఱో కలరు.

ఇప్పుడు ఈ ప్రసంగములో నాకు ముఖ్యమని తోచిన సంగతి చెప్పెదను. బొమ్మ నవ్వించును. బొమ్మకు పేరిచ్చిన బిడ్డ సంగతి యేమి? ఇంగ్లండులో మిల్న్ అను రచయిత తన కుమారుడైన క్రిస్టఫర్ రాబిన్ పేరుతో పిల్లల కథలు వ్రాసెను. అవి జగత్ప్రసిద్ధములైనవి. ఆ కుమారుడు బడిలో ఎగతాళి పాలయ్యెను. పెద్దవాడైన పిమ్మటను ఆ పేరు నీడనుండి బయటపడుటకు శ్రమపడి, 1974లో తన బాల్యమును గూర్చి తానే పుస్తకము వ్రాసుకొనెను. డెనిస్ కథ ఇంకను విచారకరము. 1959లో తల్లి మరణించెను. తండ్రి రెండవ వివాహము చేసికొని పరదేశమునకు పోయెను. కుమారుడు పెద్దవాడై వియత్నాం యుద్ధమునకు పోయి వచ్చెను. తండ్రికొడుకుల నడుమ దూరము పెరిగెను. 2001లో తండ్రి మరణించునంతవరకును అది పూడలేదు. లోకమున కోట్లమందిని నవ్వించిన బొమ్మ అయిదేండ్ల ప్రాయముననే నిలిచిపోయెను. దానికి పేరిచ్చిన బిడ్డ మాత్రము ఆ పేరును ముదిమివరకు మోసెను.

బుడుగనునది ఏ యొక్క బిడ్డ నామకరణమునాటి పేరును కాదు. బుడుత, బుడత యను మాటలకు చుట్టమువలె వినబడు ముద్దుపేరు. ఇంటివారు పిడుగనియు పిలుతురు. ప్రతి ఊరిలోను, ప్రతి వాడలోను ఆ పేరుగల పిల్లవాడొకడుండును. అందుచే ఆ భారమును ఒక్కడు మోయవలసిన పని లేకపోయెను. మనమందఱము తలా కొంచెము మోసికొంటిమి. మన బుడుగు పుట్టుకలో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

ఇందుండి తల్లిదండ్రులకు ఒక మనవి. అల్లరివాడని, మొద్దని, పీడయని పిల్లవానికి మనము పెట్టు పేర్లు కోపము చల్లారినంతనే మనము మఱతుము. వాడు మఱవడు. విసుగులో తల్లి అన్న ఒక్క మాట అచ్చెక్కి ఒక బిడ్డ నొసటి వ్రాతయైనది. అట్టి మాట మన యిండ్లలో అచ్చెక్కకపోయినను ఎక్కడనో అచ్చుపడుచునే యుండును.

ఆంధ్రపత్రిక 1991లో నిలిచిపోయినది. 1947 జులైలో వెలువడిన చందమామయు నేడు రాకున్నది. రమణగారు 2011 ఫిబ్రవరి 24న, బాపుగారు 2014 ఆగస్టు 31న చెన్నపట్టణముననే కన్నుమూసిరి. పత్రికలు పోయినవి, కర్తలు పోయిరి, మన మండలము సయితము 2022లో కృష్ణాజిల్లా విడిచి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. బుడుగునకు మాత్రము ఇంకను వయస్సు రాలేదు. వాడు నిలిచినది పుస్తకములో. ఆ పుస్తకము నిలుచునది గ్రంథాలయములో. వారపత్రిక వారమునకు ఆయుష్షు తీరి పొట్లముల కాగితమగును. దానిలోని మంచిని ఏరి బైండు చేయించి, రెండు తరముల పిమ్మటి పిల్లవాని చేతికందించు పని మీబోటి సంస్థలదే.

కావున కార్యవర్గమువారికి నా సలహా యిది. భారత భాగవతముల పద్దు తగ్గింపవలదు. దాని ప్రక్కన పిల్లల పద్దు ఒకటి, చిన్నదైనను, ఏటేట తప్పక యుంచుడు. ఆ పుస్తకములను పై అరలలో తాళమువేసి యుంచక, పిల్లల చేతికందు క్రింది అరలో పెట్టుడు. చినిగినవని కేకలు వేయకుడు. చినిగిన పుస్తకము చదువబడిన పుస్తకము. అతికించుటకు జిగురు చవుక. వారమునకొకనాడు సాయంకాలము, చదువు వచ్చిన పిల్లవాడొకడు రానివారికి పైకి చదివి వినిపించునట్లు ఏర్పాటు చేయుడు. బామ్మలను కూడ పిలువుడు. బుడుగులోని బామ్మను విని వారు నవ్వినప్పుడు, తమ మనుమని పక్షమున ఇంకొక సాక్షి దొరకినట్లగును.

బొమ్మల పుస్తకము చదువులకు ద్వారబంధము వంటిది. ద్వారబంధముకడనే కూర్చుండువాడు ఇల్లు చూడడు, నిజమే. కాని ద్వారము లేని యింటిలోనికి ఎవడును పోలేడు. నేడు క్రింది అరలో బుడుగును వెదకిన చేయియే రేపు పై అరలోని భారతమును అందుకొనును. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ఏబదియేండ్ల పండుగ జరుపుకొనునాడు, ఈ వేదికపై నిలుచువారు నేడు ఆ క్రింది అర ముందు చతికిలబడిన పిల్లలలోనివారే కావలెనని నా కోరిక.

 ఈ గ్రంథాలయము నిండు నూఱేండ్లు వర్ధిల్లుగాక!